మా ఆయన పట్టిన పులస

మా ఆయన రాఘవులుకి ఒక కథ ఉంది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఆ కథ చెప్పకుండా ఉండరు. కథంటే మా పెళ్ళి కథే. కోనసీమలో పుట్టి, చేప లేనిదే ముద్ద దిగని పిల్ల, చీమకైనా హాని చెయ్యని కరీంనగర్ శాకాహారి కుర్రాణ్ణి చేసుకోబోతూ, ఆయన నోరు తెరిచి అడక్కుండానే, హైదరాబాదు ఇరానీ హోటల్లో టీ తాగుతూ "ఇక చేపలు ముట్టను" అనేసింది. "నేనడగలే. ఒక్క మాట అనలే. తనే మానేసింది" అని నా వైపు చూస్తారు. నలభై నాలుగేళ్ళ తర్వాత కూడా ఆ కళ్ళలో అదే మురిపెం. వింటున్న ఆడవాళ్ళు తమ మొగుళ్ళ వైపు చురుగ్గా చూస్తారు. నేను నా కంచం వైపు చూసుకుంటాను.

ఎందుకంటే నేను మానలేదు.

అసలు మానలేదని కాదు. మొదటి రెండేళ్ళూ నిజంగానే మానేశాను. అమెరికా వచ్చి న్యూజెర్సీలో ఎడిసన్‌లో కాపురం పెట్టాక, మా వెనక వీధిలోకి భీమవరం నుంచి ప్రమోద వచ్చి దిగింది. వచ్చిన నెలకే నన్ను భోజనానికి పిలిచింది. వాళ్ళింటి తలుపు తీసేసరికి ఆ పులుసు వాసన! నాకు కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. ఆ రోజు నేను తిన్న తీరు చూసి ప్రమోద, "మీ ఇంట్లో అన్నం పెట్టరేంటి ప్రసూనా?" అంది. ఆ తర్వాత నలభై ఏళ్ళపాటు, ప్రతినెలా మొదటి శనివారం, ప్రమోద ఇంట్లో లలితా పారాయణం అని చెప్పి వెళ్ళాను.

మరీ పచ్చి అబద్ధం కాకూడదని ముందు నిజంగానే పారాయణం చేసేవాళ్ళం. వెయ్యి నామాలూ, ఒక్కటి వదలకుండా. అమ్మవారికి హారతిచ్చి, పూజ గది తలుపు దగ్గరగా వేసి, అప్పుడు మూకుడు పొయ్యి మీద పెట్టేవాళ్ళం. తిన్నాక అక్కడే తలస్నానం, అక్కడే చీర మార్చుకోవడం, అక్కడే నాలుగు లవంగాలు నమలడం. తడి జుట్టుతో, నిండు బొట్టుతో ఇంటికొస్తే మా ఆయన పేపరు దించి, "పూజ మంచిగైందా?" అనేవారు. "బాగా అయిందండి" అనేదాన్ని. ప్రసాదం కూడా చేతిలో పెట్టేదాన్ని. ఎంత గుండెలు తీసిన బంటునో మీరే చూడండి.

మరి ఎందుకు చెప్పలేదూ అంటే, మా ఆయన అబద్ధమాడరు. ఇది గొప్పగా చెప్పడం లేదు, అదో జబ్బు. రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఉన్నది ఉన్నట్టు రాసి రాసి ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. మా అమ్మాయి చంద్రిక తొమ్మిదేళ్ళప్పుడు వయొలిన్ వాయించి "ఎలా ఉంది నాన్నా?" అంటే, "చెవులకి కష్టంగ ఉన్నది బిడ్డా, ఇంకో ఏడాది చూద్దాం" అన్నారు. అలాంటి మనిషికి తన గురించి చెప్పుకోవడానికి ఉన్నది ఒకే ఒక్క గొప్ప. అదీ తన గురించి కాదు, నా గురించి. దాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కోవడానికి నాకు నోరు రాలేదు. చేపకి మాత్రం నోరు బాగానే వచ్చింది.

కిందటేడు చలికాలం ముందు ప్రమోద ఇల్లు అమ్మేసి డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడితో నా పారాయణం ముగిసింది. జనవరిలో ఒకరోజు పొద్దున్న, కాఫీ తాగుతూ మా ఆయన, "నీకు డెబ్బై నిండుతున్నయి. బర్త్‌డేకి ఏం గావాలె?" అన్నారు. కిటికీలోంచి మంచు చూస్తూ ఏ లోకంలో ఉన్నానో, "పులస పులుసు" అనేశాను.

ఆయన కప్పు కింద పెట్టేశారు. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కన నిలబడి, "నలభై నాలుగేండ్లు నీ నోరు కట్టేసిన ప్రసూనా" అన్నారు. "మానేసినవంటే మానేసినవనుకున్న. లోపల ఉంటదని నాకెందుకు తెలువలె? అందరికి చెప్పుకుంట తిరిగిన. ఒక్కనాడన్న నిన్నడిగిన్నా?"

ఆ క్షణంలోనే చెప్పేయాల్సింది. "అయ్యో, అదేం లేదండీ" అని మొదలుపెట్టాను కూడా. అది కూడా నా త్యాగమే అనుకుని ఆయన ఇంకా కదిలిపోయారు. ఇంక ఎక్కడ చెప్పను.

కొనుక్కొద్దాం అన్నాను. ససేమిరా అన్నారు. ఇంకెవరో చంపిందాన్ని తెచ్చిస్తే తాను చేసినట్టు కాదట. తనవల్ల జరిగిందాన్ని తన చేతులతోనే సరిచెయ్యాలట. కెమిస్టు బుర్ర కదా, మూడు వారాలు కంప్యూటర్ ముందు కూర్చుని, మన పులసకి దగ్గర చుట్టమైన చేప ఇక్కడే ఉందని కనిపెట్టారు. షాడ్ అంటారు. సముద్రంలో పెరిగి, వసంతంలో గుడ్లు పెట్టడానికి డెలావేర్ నదిలోకి ఎదురీదుతూ వస్తుంది. డెబ్బై దాటినవాళ్ళకి మా రాష్ట్రంలో చేపలు పట్టడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. దానికి వాడే గాలం రంగు పూసిన చిన్న సీసపు ముక్క, వానపాములు గుచ్చే పని లేదు. "ఎరకి ప్రాణం తీసుడు లేదు, సగం పాపం తప్పింది" అన్నారు. మార్చి అంతా మా డ్రైవ్‌వేలో నిలబడి గాలం విసరడం ప్రాక్టీస్ చేశారు. పక్కింటివాళ్ళ గులాబీ పొదని నాలుగుసార్లు పట్టుకున్నారు.

నది మా ఇంటికి గంట దూరం. అయినా మా ఆయన రెండు గంటలు పైకి డ్రైవ్ చేసుకుని పోయేవారు. దానికి కారణం నేనే. సముద్రంలో ఉన్నంతకాలం అది ఉత్త ఇలస అనీ, గోదావరి ఎర్రనీటికి ఎదురీది ఎగువకి ఎక్కితేనే పులస అవుతుందనీ, ఎంత ఎక్కితే అంత రుచనీ పెళ్ళైన కొత్తలో ఎప్పుడో చెప్పాను. ఆయన దాన్ని మనసులో రాసి పెట్టుకున్నారు. ఎగువన నది ఒడ్డునే కౌంటీవాళ్ళ పార్కు ఒకటి ఉంది. పడవలు వేసుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు. వేల ఏళ్ళ నుంచి అక్కడ బతికిన లెనాపే జాతివాళ్ళు నదిలో పేర్చిన రాళ్ళ కట్ట ఒకటి ఇంకా మిగిలి ఉంది. ఆ కట్ట గురించి వచ్చినవాళ్ళకి చెప్పడానికి, ఆ జాతికే చెందిన డొరీన్ అని ఒకావిడ ఉద్యోగం చేస్తోంది. ఆవిడే మా ఆయనకి గురువు. ఏప్రిల్‌లో మూడు శనివారాలు వెళ్ళారు. మూడుసార్లూ మోకాళ్ళదాకా తడిసి, ఒట్టి చేతులతో, పిల్లాడిలా నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. ఏమీ దొరకనందుకు నేను లోలోపల దేవుడికి దండం పెట్టుకున్నాను.

మే మొదటి శనివారం నన్నూ తీసుకెళ్ళారు. "ఇయ్యాల నీళ్ళు అరవై ఫారెన్‌హీట్‌కొచ్చినయి. పక్కా పడతది. నీ ముందట పట్టాలె" అన్నారు. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని నేను మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. "ఏవండీ" అని మూడుసార్లు అన్నాను. మూడుసార్లూ "ఏసీ పెంచాల్నా?" అన్నారు.

డొరీన్ అరవై ఏళ్ళ పొడుగాటి మనిషి. నెరిసిన జడ, మాసిన టోపీ. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని, "చేపలు మానేసిన ఆవిడ మీరేనా?" అంది ఇంగ్లీషులో. నాకు ప్రాణం చివుక్కుమంది. ఆయన కథ నదిదాకా వచ్చేసిందన్నమాట.

ముగ్గురం ఆవిడ కెనూలో ఎక్కాం. లైఫ్ జాకెట్ నాకు గడ్డం కిందికి పొడుచుకొచ్చింది. డొరీన్ వెనక కూర్చుని తెడ్డు వేస్తుంటే పడవ చప్పుడు లేకుండా జారింది. ఒడ్డున చెట్లకి తెల్లటి పూలు. ఇంకా చల్లగానే ఉన్న నీళ్ళలో వేళ్ళు ముంచాను. ఇంత పాపాత్మురాలికి ఇంత మంచి పొద్దున్నా అనుకున్నాను.

కొంచెం దిగువన నీళ్ళ కింద రాళ్ళు రెండు వరసలుగా కనిపించాయి. రెండు ఒడ్డుల నుంచీ ఏటవాలుగా వచ్చి, నది మధ్యలో ఇరుకు సందు వదిలి కలవబోయి ఆగిపోయాయి. "వాళ్ళు తీగలు, కొమ్మలు కలిపి పొడుగాటి తాడు పేనేవాళ్ళు. నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా పట్టుకుని, చేపల్ని ఈ సందులోకి తోలేవాళ్ళు" అని డొరీన్ చెప్పింది. "ఆడా మగా ముసలీ ముతకా అందరూ. ఒంటరిగా నిలబడి చేపలు పట్టడం తర్వాత వచ్చినవాళ్ళ అలవాటు."

మా ఆయన నీళ్ళలోకి వంగి చూసి, "ఆ మూడో రాయి కిందికి జారింది. ఇద్దరం పట్టి జరిపితే మళ్ళ వరసలకొస్తది" అన్నారు. ఎక్కడ వంకర కనిపించినా సరిచెయ్యకుండా ఉండలేరు.

"దాని మీద చెయ్యి వేస్తే మిమ్మల్ని నీళ్ళలోకి తోసేస్తాను రాఘవ్" అంది డొరీన్. "నది ఎక్కడ పెట్టిందో అక్కడే ఉండాలి. మేం కూడా ముట్టుకోం."

"మీవాళ్ళు ఇక్కడే ఉండేవారా?" అని అడిగాను.

"ఇక్కణ్ణించి తరిమేశారు. తరిమిన కొద్దీ పడమటికి పోయి, చివరికి మావాళ్ళు ఓక్లహోమాలో ఆగారు. నేను పుట్టింది అక్కడే. ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాను" అని నవ్వింది. "మీరు కూడా ఉద్యోగం కోసమే వచ్చారట కదా."

నేను కూడా నవ్వాను. అది నవ్వే సంగతి కాదని ఇద్దరికీ తెలుసు.

కట్టకి కాస్త దిగువన రాళ్ళ దిబ్బ ఒకటి ఉంటే అక్కడ దిగాం. ఇంత పైకొచ్చేసరికి చేప బక్కచిక్కుతుందనీ, కింద పట్టుకుంటేనే కొవ్వు పట్టి ఉంటుందనీ డొరీన్ నాతో చెప్పింది. మొదటి రోజే చెప్పిందట. "గోదావరి సంగతి నీకు తెలువదు" అని మా ఆయన కొట్టిపారేశారట, తానేదో నరసాపురంలో పుట్టినట్టు.

ఆయన నడుందాకా రబ్బరు తొడుగు వేసుకుని మోకాలి లోతులో నిలబడ్డారు. నేను రాయి మీద కూర్చున్నాను. విసరడం, చుట్టడం, విసరడం, చుట్టడం. గంట గడిచింది. డొరీన్ పడవలో కొంచెం దూరంగా కూర్చుని థర్మాస్‌లోంచి కాఫీ తాగుతోంది. ఈసారి కూడా ఏమీ పడదులే అని నేను కాస్త కుదుటపడ్డాను. అప్పుడు గాలం కర్ర విల్లులా వంగింది.

"లాగొద్దు!" అని అరిచింది డొరీన్. "దాని నోరు కాగితంలాంటిది, చిరిగిపోతుంది. రానివ్వండి!"

చేప నీళ్ళలోంచి పైకెగిరింది. వెండి పళ్ళెం విసిరినట్టు తళుక్కుమంది. మా ఆయన ఏదో మాట్లాడుతూనే ఉన్నారు, చేపతోనో తనతోనో. "రా బిడ్డా, మెల్లగ, మెల్లగ..." పావుగంట పట్టింది. చివరికి వంగి, చిన్న వలబుట్టలోకి దాన్ని తీసుకుని, నోట్లోంచి గాలం విప్పి, గాలం కర్ర చంకలో పెట్టుకున్నారు. నేను చీర ఎత్తి కట్టి, చెప్పులు విప్పి నీళ్ళలోకి పరిగెత్తాను. చూస్తే, అచ్చం మా పులసే! అదే ముఖం, అదే పొలుసు, కడుపు ఉబ్బి ఇంత లావున. నిండా జన, చేప గుడ్లు. నాకు నోట్లో నీళ్ళూరాయి. దాచేదేం లేదు, ముందు ఊరింది నోరే.

తర్వాత మా ఆయన ముఖం చూశాను.

వలబుట్ట నీళ్ళలోనే ఉంచి, ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో జేబులోంచి చిన్న కర్ర తీశారు. తల మీద గట్టిగా ఒక్క దెబ్బ కొడితే బాధ తెలియకుండా పోతుందని డొరీన్ నేర్పింది. ఆయన కర్ర ఎత్తారు. దించారు. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ దించారు. ఇంట్లో సాలెపురుగు కనిపిస్తే గ్లాసులో పట్టి, బయట వదిలి, చలిగా ఉందేమో అని ఆలోచించే మనిషి. డెబ్బై మూడేళ్ళు ఒక్క ప్రాణి జోలికి పోని మనిషి. కళ్ళు మూసుకుని, "క్షమించు తల్లీ. మా ఆమె కోసం" అని మూడోసారి కర్ర ఎత్తారు.

"ఆగండి!" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. "కొట్టకండి. నేను మానలేదండీ."

ఆయన కళ్ళు తెరిచారు.

"చేపలు మానలేదు. ప్రమోద ఇంట్లో తినేదాన్ని. ప్రతి మొదటి శనివారం. పారాయణం నిజంగానే చేసేవాళ్ళం, ఒట్టు, ఆ తర్వాత తినేవాళ్ళం. నలభై ఏళ్ళు. మీరు నా నోరు కట్టెయ్యలేదు. మీవల్ల నాకేం లోటు రాలేదు. దీనికోసం మీరు ఆ పాపం చెయ్యకండి."

అంతా ఒక్క ఊపిరిలో వచ్చేసింది. కారులో కూడబలుక్కున్న మాట ఒక్కటీ రాలేదు. ఆయన కర్ర పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంది. నది నా పిక్కలకి కొట్టుకుంటోంది.

"నలభై ఏండ్లు" అన్నారు.

"ఆయ్."

"తలస్నానం చేసి వస్తుంటివి."

"వాసన రాకూడదని."

ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను. కోపమైతే నాకు తేలిక, తిరిగి నాలుగు మాటలు అనగలను. కోపం లేదు. ఏదో పోగొట్టుకున్నవాడు జేబులు తడుముకుంటున్నట్టు ఉన్నారు. "ఇగ నేనేం చెప్పుకోవాలె ప్రసూనా, అందరికి?" అన్నారు చిన్నగా.

నిలబడి ఏడ్చాను.

డొరీన్ పడవలోంచి, "ఏమైంది? చేపకేమైనా అయిందా?" అని కేకేసింది.

మా ఆయన అబద్ధమాడరని చెప్పాను కదా. ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో, "మా ఆవిడ నలభై ఏళ్ళుగా చేపలు తింటోందట" అన్నారు.

డొరీన్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి మంచిదే కదా?" అంది.

మేం ఇద్దరం ఆవిడ వైపు చూస్తుండగానే ఆయన ఎడమచెయ్యి సడలింది. వలబుట్ట పక్కకి ఒరిగింది. చేప ఒక్కసారి తోక కొట్టి, నా కాళ్ళ మధ్యనుంచి జారి, రాళ్ళ కట్ట వైపు పోయింది.

"అయ్యో! అయ్యయ్యో!" అని నీళ్ళలోకి దూకినంత పనిచేశాను. "నిండు జన చేపండీ! వదిలేశారేంటండీ! అంత చేప మళ్ళీ పడుతుందా!" రెండు చేతులతో నీళ్ళు దేవాను. అప్పుడే పశ్చాత్తాపంతో ఏడ్చిన మనిషిని నేనేనా అని నాకే సిగ్గేసింది, అయినా ఆపుకోలేకపోయాను.

మా ఆయన నన్ను వింతగా చూస్తూ నిలబడ్డారు. నలభై నాలుగేళ్ళలో ఆయన ఎప్పుడూ చూడని ప్రసూన అది. "నీకు అంత ఇష్టమా?" అన్నారు.

"ఇష్టమండి. చాలా ఇష్టం. తెల్లారితే అదే గుర్తొస్తుంది. ఏం చెయ్యను?"

ఆయన కర్ర జేబులో పెట్టుకున్నారు. గాలం చివర చూసుకుని, ముడి సరిచేసుకున్నారు. వలబుట్ట తీసి నా చేతిలో పెట్టారు. "అయితే పట్టుకో. ఒక్కనితోని అయ్యే పని గాదు" అని, మళ్ళీ నది వైపు తిరిగి గాలం విసిరారు.

రెండున్నర గంటలు నిలబడ్డాం. నేను నడుందాకా తడిశాను. డొరీన్ నాకు తన కోటు ఇచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఇంకొకటి పడింది. మొదటిదానిలో సగం ఉంటుంది, మగది, జన లేదు. ఈసారి వలబుట్ట కింద పట్టింది నేను. కర్ర కోసం ఆయన జేబులో చెయ్యి పెట్టబోతే, నేనే తీసుకున్నాను. "మీరు అటు తిరగండి" అన్నాను. చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న పని. ఒక్క దెబ్బతో అయిపోయింది. ఆయన అటు తిరగలేదు. మొత్తం చూశారు. చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు.

తిరుగు దారిలో గంటసేపు రేడియో కూడా పెట్టలేదు. వెనక ఐస్ పెట్టెలో చేప. చివరికి ఆయనే మొదలుపెట్టారు.

"తలస్నానం."

"ఆయ్."

"చీర మార్చుకునుడు, లవంగాలు, ఇల్లు చేరేదాక గుండె దడ. చలికాలంల గూడ తడి జుట్టుతోని."

"ఆయ్, అవన్నీ."

"అంత తిప్పల పడేకంటె తినుడు మానేసుడే అల్కగ ఉండె గదనే పిచ్చిదానా."

"మానడం నా వల్ల కాలేదండీ. మీకు చెప్పడమూ నా వల్ల కాలేదు. ఆ కథ చెప్పేటప్పుడు మీరు నన్ను చూస్తారే, ఆ చూపు పోతుందని భయం." ఇంత వయసొచ్చాక మొగుడితో ఇలాంటి మాట అనాల్సొచ్చినందుకు కిటికీ వైపు తిరిగిపోయాను.

"మరి ప్రసాదం?" అన్నారు ఉన్నట్టుండి.

"ప్రసాదం నిజమేనండి. తినకముందే తీసి పక్కన పెట్టేదాన్ని."

"ఆ మాటన్న నిజమే" అన్నారు. నవ్వారో లేదో నాకు తెలియలేదు.

ఇంటికి చేరాక నేను గరాజ్ తలుపు తీసి, అటక మీంచి చిన్న పొయ్యి దించబోయాను. మా ఎడిసన్‌లో చేప వండే తెలుగువాళ్ళు చాలామంది గరాజ్‌లోనే వండుకుంటారు, ఇల్లంతా వాసన పట్టకుండా. ఆయన వచ్చి నా చేతిలోంచి పొయ్యి తీసుకుని మళ్ళీ పైన పెట్టేశారు.

"గరాజ్‌ల ఎందుకు? మనకి వంటిల్లు లేదా?"

"వాసన వస్తుందండి. నాలుగు రోజులు పోదు."

"రానీ" అన్నారు.

చింతపండు నానబెట్టాను. పొలుసు గీరి, మొప్పలు తీసి, ముక్కలు కోశాను. ఆయన బల్ల దగ్గర కూర్చుని బెండకాయలు కోసిపెట్టారు. పులుసు తెర్లుతుండగా ఆవకాయ నూనె, కాస్త వెన్న వేశాను. ఇల్లంతా కమ్మేసింది. "వాసన ఎలా ఉందండీ?" అని అడిగాను, ఉండబట్టలేక.

"భరించరాకుండ ఉన్నది" అన్నారు. కళ్ళు తుడుచుకుంటూ అక్కడే కూర్చున్నారు.

పులస పులుసు మర్నాడు తింటేనే రుచి. కానీ ఆ రోజు మర్నాటిదాకా ఆగే ఓపిక నాకు లేదు. సాయంత్రం ఆరింటికే ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన ముందు పెరుగన్నం, నా ముందు పులుసన్నం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవడానికి చెయ్యి రాలేదు. కొత్త పెళ్ళికూతురికి కూడా అంత సిగ్గుండదు. ప్రమోద ఇంట్లో గడియారం మీద ఒక కన్నేసి గబగబా తినడం అలవాటైపోయింది. ఎదురుగా ఆయన ఉండగా తినడం ఎలాగో నాకు తెలియలేదు.

"తిను" అన్నారు.

తిన్నాను. చేప బక్కదే, డొరీన్ చెప్పింది నిజమే. అయినా రుచి అంతా అలాగే ఉంది. తల వంచుకుని, ముళ్ళు వేళ్ళతో ఏరుకుంటూ, నెమ్మదిగా తింటూ పోయాను. కాసేపటికి తలెత్తి చూస్తే, ఆయన పెరుగన్నం కదపనే లేదు. కుడిచేతిలో ఉత్త తెల్లన్నం గుండ్రంగా ముద్ద చేసి, గాల్లో పట్టుకుని, కళ్ళార్పకుండా నా గొంతు వైపే చూస్తున్నారు.

"ఏంటండీ అది?"

"ఈ చేపకి వెయ్యి ముండ్లుంటయట. గొంతుల ఇరికితే ఉత్తన్నం ముద్ద మింగాలెనట. ఫోన్‌ల చదివిన" అన్నారు. "నువ్వు తిను. నేను పట్టుకుని కూసుంట."

"మీ అన్నం ఎండిపోతోంది."

"ఎండనీ. ఇన్నేండ్లు ఎవరు పట్టుకున్నరు నీకు?"

ఇన్నేళ్ళూ ఎవరూ పట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, ఈసారి ఆపుకోలేదు. ఏడుస్తూనే తిన్నాను. కంచం ఖాళీ అయ్యేదాకా ఆయన చెయ్యి దించలేదు.

ముల్లేమీ గుచ్చుకోలేదు. అయినా ముందుకి వంగి నోరు తెరిచాను. ఆయన ముద్ద నా నోట్లో పెట్టారు. నా పెదవుల మీది చేపపులుసు ఆయన వేళ్ళకి అంటుకుంది. ఆ వేళ్ళు ఒకసారి చూసుకున్నారు, కడుక్కోవడానికి మాత్రం లేవలేదు.